చింపని కాగితం

"షుగర్ ముప్పై ఒకటి!" అని నర్సు అరిచింది.

ఆసుపత్రి మెట్లెక్కుతుండగా బాలేష్ చెవిన పడిన మొదటి మాట అదే. బండి స్టాండు వేశాడో లేదో కూడా అతనికి గుర్తు లేదు. స్కూలు నుంచి ఫోను వచ్చినప్పుడు నైట్ డ్యూటీ నిద్రలో ఉన్నాడు. అత్వెల్లి నుంచి మేడ్చల్‌కు పది నిమిషాల దారి. ఆరు నిమిషాల్లో వచ్చి పడ్డాడు.

బల్ల మీద అతని కూతురు కెజియా. ఆరేళ్ల పిల్ల. యూనిఫాం చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కళ్లు సగం తెరిచే ఉన్నా ఆ చూపు ఎవరినీ చూడడం లేదు. డాక్టర్ శ్రీనివాసరావు ఆ చిన్న చేతిలో నరం దొరకబుచ్చుకుని గ్లూకోజ్ ఎక్కిస్తున్నాడు.

"తండ్రి మీరేనా? పొద్దున ఇన్సులిన్ ఎంత ఇచ్చారు?"

"పది యూనిట్లు సార్. రోజూ గంతే. ఏడు నలభైకి నేనే ఏసిన. రాసి పెట్టిన గూడ."

"పదికి ఇంత పడిపోదు," అన్నాడు డాక్టరు తలెత్తకుండానే.

కెజియాకు నాలుగో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు. సూది లేకుండా ఒక్క పూట గడవని రకం. పొద్దున పది, సాయంత్రం ఆరు. ఈ రెండేళ్లలో బాలేష్ దేన్నైనా మరిచి ఉండవచ్చు గానీ ఆ రెండు అంకెల్ని మరవలేదు.

ఐదు నిమిషాలకు పిల్ల పెదవులు కదిలాయి. బాలేష్ ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"బిడ్డా, నీకు ఎవరన్న సూదేసిండ్రా? గోలీ ఏమన్న ఇచ్చిండ్రా?"

"నాయిన ఏసిండు," అంది కెజియా, నిద్రలో మాట్లాడినట్టు.

"అది కాదురా. నేనేసినంక. స్కూల్ల ఎవరన్న?"

పిల్ల మళ్లీ అదే మాట అంది. "నాయిన ఏసిండు." కళ్లు మూసుకుంది.

ఇరవై నిమిషాలు గడిచాయి. నూట పదికి ఎక్కిన షుగరు మళ్లీ యాభై రెండుకు జారింది. డాక్టరు ముఖం బిగిసింది. గ్లూకోజ్ వేగం పెంచి బాలేష్‌ను పక్కకు పిలిచాడు.

"లోపల ఇంకేదో పనిచేస్తోంది. అదేంటో నాకు తెలియాలి. ఇంట్లో ఎవరైనా షుగర్ గోలీలు వేసుకుంటారా?"

"మా అమ్మ ఏసుకుంటది సార్."

"పిల్ల వాటిని మింగి ఉంటే దానికి విరుగుడు వేరే ఉంది. నా దగ్గర లేదు. సుచిత్రలో పెద్దాసుపత్రికి పంపాలి. కొంపల్లి ట్రాఫిక్‌లో గంట పట్టొచ్చు, దారిలో మళ్లీ పడిపోతే నేను ఉండను. ఇన్సులినే ఎక్కువైతే కదపాల్సిన పనే లేదు. రాత్రి దాకా ఇక్కడే గ్లూకోజ్ మీద ఉంచి కాపాడతాను. గోలీనా, ఇన్సులినా? నాకు అది తేల్చండి. ముప్పావుగంటలో అంబులెన్స్ వస్తుంది."

ఇన్సులిన్ అనగానే బాలేష్ తల వరండా వైపు తిరిగింది.

వరండాలో గోడకు ఆనుకుని దుర్గాబాయి నిలబడి ఉంది. స్కూలు ఆయా. క్లాసులో వాలిపోయిన పిల్లను ఎత్తుకుని రోడ్డు దాకా ఉరికి, ఆటో ఆపి తీసుకొచ్చింది ఆమే. చీర కుచ్చిళ్లు ఊడిపోయి ఉన్నాయి. ఆమె పక్కనే ప్రిన్సిపాల్ మేడమ్ ఫోను చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

స్కూలు ఫ్రిజ్‌లో కెజియాకు ఒక అదనపు పెన్ను ఉంటుంది. సూది ఉన్న ఇన్సులిన్ పెన్ను. అవసరం పడితే వాళ్లమ్మ ఫోనులో చెప్పినట్టు ఎన్ని యూనిట్లంటే అన్ని ఇచ్చేది దుర్గాబాయే.

"నువ్వేసినవా?" అన్నాడు బాలేష్.

"ఏంది బాలేషన్నా?"

"పొద్దుగాల స్కూల్ల నా బిడ్డకు సూదేసినవా అని అడుగుతున్న!"

"అయ్యో, లేదన్నా! సేవాలాల్ మీద ఒట్టు. ఫ్రిజ్ తలుపు గూడ తియ్యలే నేను."

"పెన్నుల ఎంత మందుండె, ఎంతుంది? రాసినవా?"

"పోయిన నెల రెండుసార్లు ఏసిన. అక్క ఫోన్ల చెప్తే ఏసిన. రాసుడంటే... నాకు రాయరాదు గదన్నా."

"రాయరానోళ్ల చేతిల ప్రాణాలు పెట్టినం మేము!" అని వరండా అంతా వినిపించేలా అరిచాడు బాలేష్. "ఇన్నరా మేడమ్? ఇన్సులిన్ ఎక్కువైందని తేలితే ఏసింది ఈమెనే. ఇంకెవరున్నరు?"

ప్రిన్సిపాల్ ఫోను దించింది. "దుర్గాబాయీ, రేపటి నుంచి నువ్వు రావద్దు. ఇది తేలేదాకా."

దుర్గాబాయి ఏడవలేదు, అక్కణ్నుంచి కదలనూ లేదు. "పాప లేసేదాక ఈడనే ఉంట మేడమ్. ఆనంక పోత," అంది.

బాలేష్ భార్య పద్మలతకు ఇరవై మూడోసారి ఫోను చేశాడు. స్విచాఫ్. ఈ రోజు శుక్రవారం. కౌకూర్‌లో స్త్రీల ఉపవాస ప్రార్థన. లోపలికి వెళ్లేముందే ఫోనులన్నీ ఆపేసి గుమ్మం దగ్గర బుట్టలో వేస్తారు. మధ్యాహ్నం ఒంటి గంట దాకా ఆ బుట్టను ఎవరూ ముట్టుకోరు. బిడ్డ ఇక్కడ చావుబతుకుల్లో ఉంటే ఫోను బుట్టలో పెట్టుకుని కూర్చునే ప్రార్థన ఎందుకు? ఆ కోపంతోనే, అమ్మ గోలీలు లెక్క చూడడానికి ఇంటికి బండి తీశాడు.

* * *

బాలేష్ షామీర్‌పేట అవతల టీకాలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తాడు. టీకాలు నిలవ ఉంచే చల్లగదికి కాపలా అతనే. గంటకోసారి లోపలి చలి ఎంతుందో చూసి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. చూసి రాయకపోతే చూడనట్టే లెక్క. 'రాయని పని చేయని పని' అని గోడ మీద ఎర్ర అక్షరాలతో ఉంటుంది. పదకొండేళ్లుగా అతను ఆ మాట మీదే బతికాడు.

ఆ మాటను ఇంటికి కూడా తెచ్చాడు. అందుకు కారణం ఉంది. ఫిబ్రవరిలో ఒకరోజు హడావిడిలో పద్మలత పొద్దున సూది వేయడం మరిచిపోయింది. కెజియా మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ తర్వాత బాలేష్ భార్యను ఒక్క మాట అనలేదు. నమ్మడం మాత్రం మానేశాడు. రాత్రిళ్లు మూడుసార్లు అలారం పెట్టుకుని లేచి పిల్ల వేలు గుచ్చి షుగరు చూసేవాడు. అలారం మోగకముందే మెలకువ వచ్చేసేది.

"దేవునికి అప్పజెప్పి కొంచెం పండుకోరాదు," అనేది పద్మలత.

"దేవుడొచ్చి షుగర్ చెక్ చేస్తడా?"

"చెక్ చెయ్యొద్దంటున్ననా? చెయ్యి. చేసినంక పండుకో అంటున్న. నువ్వు చెక్ చేసి, దేవుడు సరిగ్గ చూస్తుండా లేదా అని మళ్లొకసారి దేవుణ్ని చెక్ చేస్తున్నవ్."

అతను ప్రార్థన చేయకపోలేదు. రోజూ చేసేవాడు. ఆ ప్రార్థనలు డ్యూటీ మారేటప్పుడు వచ్చేవాడికి అప్పజెప్పే పనుల చీటీలా ఉండేవి. ఇది చూడు, అది చూడు, మరిచిపోకు.

* * *

ఇంటి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. తల్లి అమ్మడు మంచం మీద చిక్కుడుకాయలు గిల్లుతోంది. చూపు మసక. వేళ్లే ఆమెకు కళ్లు.

"ఏమైందిరా? పోరి ఎట్లుంది?"

"అమ్మా, నీ షుగర్ గోలీలు ఏడున్నయ్?"

"గిదేం అడుగుడురా! పోరి ఎట్లుందంటే గోలీలంటవ్."

"జల్దీ చెప్పే!"

దిండు కింద నుంచి ప్లాస్టిక్ డబ్బా తీసింది. బాలేష్ అట్టను వెలుగుకు పట్టి చూశాడు. పదిహేను గోలీల అట్ట, ఆదివారం సాయంత్రం తనే కొని తెచ్చాడు. సోమవారం నుంచి పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఈ పొద్దుటితో తొమ్మిది అయిపోవాలి, ఆరు మిగలాలి. లెక్కపెట్టాడు. ఆరు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే.

గోలీ కాదు. అయితే ఇన్సులిన్. అయితే దుర్గాబాయి.

వెనక్కి తిరిగి పరుగెత్తబోయాడు. పదకొండేళ్ల అలవాటు అతని కాళ్లను ఆపింది. అన్నీ చూడకుండా తేల్చకూడదు. ఫ్రిజ్ తెరిచి ఇంటి పెన్ను తీశాడు. పక్కనే పుస్తకం, అతనొక్కడే రాసేది. నిన్న సాయంత్రం సూది తర్వాత పెన్నులో మిగిలింది నూట యాభై ఆరు. ఈ రోజు పది పోతే నూట నలభై ఆరు. పుస్తకంలో తన దస్తూరీలో అదే ఉంది.

పెన్ను మీది గీతల వైపు చూశాడు.

నూట ముప్పై ఆరు.

అతనికి ముందు అర్థం కాలేదు. కిటికీ దగ్గరకు వెళ్లి మళ్లీ చూశాడు. నూట ముప్పై ఆరే. పది యూనిట్లు ఎక్కడికి పోయాయి? పొద్దున తాను ఆ అంకె రాస్తూ గీతలు చూశాడా? లేదు. నిద్రమత్తులో, కోపంలో, నిన్నటి అంకెలోంచి పది తీసేసి రాశాడు. చల్లగదిలో ఇలా చూడకుండా రాసిన ఒక కుర్రవాణ్ని పోయిన ఏడాది తనే పట్టించి ఉద్యోగంలోంచి తీయించాడు.

అంటే ఎవరో ఈ ఇంట్లోనే, ఇదే పెన్నుతో, తన కంటే ముందు సూది వేశారు.

"అమ్మా," అన్నాడు. "పొద్దుగాల నేను రాకముందుకు పోరికి సూది ఎవరేసిండ్రు?"

"ఇంకెవరేస్తరు? పద్మ ఏసింది. ఏసి, ఇడ్లీ తినవెట్టి, ప్రార్థనకు పోయింది."

"నువ్వు చూసినవా?"

"నా కండ్లు కనవడకుంటె చెవులు గూడ పోయినయారా? 'అమ్మా, సల్లగుందే' అన్నది పోరి. పెన్ను ఫ్రిజ్జుల కెల్లి తీసిందాయె."

"మరి కాగితం ఎందుకు చింపలే?"

గోడ మీద రోజుకో బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు. ఫిబ్రవరి తర్వాత బాలేష్ పెట్టిన కట్టుబాటు అది. సూది వేయాలి, వాక్యం చదవాలి, ఆ రోజు కాగితం చింపాలి. కాగితం చిరిగి ఉంటే సూది పడ్డట్టు. గోడకు ఉంటే పడనట్టు. ఈ పొద్దున అతను వచ్చేసరికి కాగితం గోడకే ఉంది. పిల్లేమో ఇడ్లీ తినేసి చేతులు కడుక్కుంటోంది. షుగరు చూస్తే రెండువందల అరవై. తిన్నాక అంత ఉంటుందని అతనికి తెలియంది కాదు. 'మళ్లీ మరిచిపోయింది,' అనుకున్నాడు. ఆ ఒక్క అనుమానం ముందు తెలిసినవన్నీ ఎగిరిపోయాయి. పద్మలతకు ఫోను చేయలేదు. పక్కగదిలో ఉన్న తల్లిని అడగలేదు. సూది అందుకున్నాడు.

"పద్మ చింపబోయిందిరా," అంది అమ్మడు. "పోరే వద్దన్నది. ఆదివారం బడి టీచరమ్మ చెప్పిందంట, ఈ వారం ఒక్క వాక్యమన్న నాయినతోని చదివిచ్చుకోని రమ్మని. నాయిన వచ్చినంక చదివిచ్చుకోని చింపుత అని మూతి ముడిసింది. నీకు చెప్పలేదా?"

చెప్పింది. బాలేష్ గోడకు చెయ్యి ఆనించాడు. పొద్దున గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్ల అతని చూపుడువేలు పట్టుకుని ఈ గోడ దగ్గరకే లాగింది. 'నాయినా, ఇది చదువు.' 'సాయంత్రం చదువుత, ముందు సూది,' అన్నాడు. పిల్ల వెంటనే వేలు వదిలేసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపింది. రోజూ చాపినట్టే. ఎందుకని అడగలేదు. ఎంతని అడగలేదు.

ఆసుపత్రి బల్ల మీద కూడా నిజమే చెప్పింది. 'నాయిన ఏసిండు.' రెండుసార్లు చెప్పింది.

బాలేష్ ఇప్పుడు కాగితం వంక చూశాడు. కింద సన్న అక్షరాల్లో ఒక్క వరుస. చిన్నపిల్లల గురించి, పరలోకం గురించి. తాను వందసార్లు విన్నదే. పూర్తిగా చదవలేదు. చింపి, మడిచి, పెన్నుతో పాటు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది ఒక్కడే చదవాల్సింది కాదు, బిడ్డతో కలిసి చదవాల్సింది.

* * *

ఆసుపత్రికి ఫోను చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. అంబులెన్స్ రావడానికి ఇంకా పన్నెండు నిమిషాలు. బండి మెయిన్ రోడ్డు ఎక్కింది.

లారీల మధ్య నుంచి దూసుకుపోతుంటే అతని బుర్ర తన పని తాను చేసుకుపోతోంది. డాక్టరుకు కావలసింది ఒక్క మాట. గోలీ కాదు, ఇన్సులిన్. అంతవరకు చెబితే పిల్ల బతుకుతుంది. ఎవరు వేశారన్నది ఎలాగైనా చెప్పుకోవచ్చు. దుర్గాబాయి వేసిందని ఇప్పటికే అందరూ నమ్మారు. లేదంటే, 'మా ఆవిడ కాగితం చింపలేదు సార్.' అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఫిబ్రవరిలో ఆమె మరిచిన సంగతి ఊరంతటికీ తెలుసు. ఎవరూ మారు మాట అడగరు.

అబద్ధం లేని అబద్ధం.

నిజం చెబితే? పద్మలత ముఖం ఎలా మారుతుందో కనిపించింది. అది కూడా భరించవచ్చు. ఇక కెజియా? 'నాయిన వేస్తే మంచికే' అనుకునే పిల్ల, రేపు పొద్దున చెయ్యి చాపకుండా వెనక్కి తీసుకుంటే? లోకంలో తనను లెక్కలు అడగకుండా నమ్మే ప్రాణి అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడానికి తనకు ధైర్యం ఉందా?

'ప్రభువా, డాక్టరు అడగకుండా చూడు,' అని మొదలుపెట్టాడు. సగంలోనే ఆగిపోయాడు. మళ్లీ పనుల చీటీ.

చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడింది. బ్రేకు తొక్కి నిలబడ్డాడు. చేతిలో చూసుకోవడానికి అంకె లేదు, రాసుకోవడానికి పుస్తకం లేదు. నిజం చెప్పాక ఏమవుతుందో ఏ గీతల మీదా లేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు, తన బిడ్డ మూసుకున్నట్టు.

"తండ్రీ, ఇగో చెయ్యి. ఎంతని అడుగ."

అంతే. ఇంకేం అడగలేదు. వెనక ఆటోవాడు హారన్ కొట్టి, "ఓ అన్నా! ఇంటికి పోయి నిద్రపో!" అని అరిచాడు. బాలేష్ కళ్లు తెరిచి బండి ఉరికించాడు.

* * *

అంబులెన్స్ అప్పటికే గేటులో ఉంది. స్ట్రెచర్ దించుతున్నారు.

"ఆపండి!" బండి మీంచి దూకుతూనే అరిచాడు. "గోలీ కాదు సార్! గోలీలు లెక్కకు సరిపోయినయ్. ఇన్సులినే. డబుల్ పడ్డది!"

డాక్టర్ శ్రీనివాసరావు గుమ్మంలో నిలబడిపోయాడు. "ఖచ్చితమేనా?"

"పెన్ను తెచ్చిన. సూడుండ్రి."

పద్మలత అప్పుడే ఆటో దిగి లోపలికి ఉరికింది. ఎందుకో మనసాగక పాస్టరమ్మ బుట్టలోని ఆమె ఫోను వెలిగించి, మెసేజీలు చూసి పంపిందట. "బిడ్డకేమైందయ్యా? ఏమైంది?" అంటూ అతని చొక్కా పట్టుకుంది. గోడ పక్కన దుర్గాబాయి అలాగే నిలబడి ఉంది. ప్రిన్సిపాల్ ముందుకొచ్చి, "అనుకున్నట్టే స్కూలు పెన్నేనా?" అంది.

బాలేష్ నేరుగా బల్ల దగ్గరకు వెళ్లాడు. నర్సు షుగరు చూడడానికి సూది పట్టుకుని ఉంది. కెజియా మెలకువగా ఉంది. చెయ్యి వీపు వెనక దాచుకుంది.

"నాయిన గుచ్చుతడు," అంది నర్సుతో. "నాయిన గుచ్చితే నొయ్యదు."

చెయ్యి బయటకు తీసి అతని వైపు చాపింది. కళ్లు మూసుకుంది.

బాలేష్ మోకాళ్ల మీద కూర్చుని ఆ వేలు పట్టుకున్నాడు. గుచ్చాడు. అరవై ఎనిమిది.

"బిడ్డా, అమ్మ ఒకసారి ఏసినంక నేను మళ్లొకసారి ఏసిన. ఎందుకు చెప్పలే నాకు?"

పిల్ల కళ్లు తెరిచి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "నువ్వేస్తుంటే నేనెందుకు చెప్పాలె?"

పద్మలత చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. మెల్లగా అనుకున్న ఆ మాటలు మిగిలినవాళ్లకు వినపడలేదు. డాక్టరు పెన్ను గీతలు చూసి తల ఆడించి, స్ట్రెచర్ వాళ్లను వెనక్కి పొమ్మని సైగ చేసి, కేసు కాగితం తీశాడు.

"పిల్లను కదపం. రాత్రి దాకా గ్లూకోజ్. కానీ నేను రాసుకోవాలి. రెండో సూది ఎన్ని గంటలకు? ఇచ్చింది ఎవరు?"

వరండాలో ఉన్న కళ్లన్నీ దుర్గాబాయి మీదకు మళ్లాయి. ఆమె తల వంచుకుంది.

బాలేష్ లేచాడు. పిల్ల వేలు వదల్లేదు. జేబులో కాగితం గుండెకు తగులుతోంది. వరండా చివరి దాకా, గేటు దగ్గరి అంబులెన్స్ డ్రైవరు దాకా వినపడేలా గొంతు పెంచాడు. ఇందాక దుర్గాబాయిని అన్నప్పుడు ఎంత పెంచాడో, అంత.

"దుర్గాబాయి గాదు. నా భార్య గాదు. కాగితం చింపని నా బిడ్డ అసలే గాదు. రాసుకోండి సార్. టైము ఏడు నలభై. అడగకుండ, నమ్మకుండ, చూడకుండ సూదేసింది బాలేష్. కెజియా నాయిన. నేనే."